కరెక్టే అక్కా

ఆపరేషన్ థియేటర్‌కు కొత్తగా వచ్చిన నర్సును భయపెడితే తొందరగా పని నేర్చుకుంటుందని నేను చాలా ఏండ్లు నమ్మినాను. నమ్మడమే కాదు, అట్లే నడుపుకొచ్చినాను. ప్రొద్దుటూరులో నేను పనిచేసిన ఆసుపత్రిలో థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నేనే. నా గొంతు వినబడితే వరండాలో మాట్లాడుకునే ఆయమ్మలు కూడా నోరు మూసుకునేవాళ్ళు. దాన్ని గౌరవం అనుకున్నాను. అది ఎంత తెలివితక్కువతనమో ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే నా మాదిరి ఇన్‌ఛార్జులు ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతి కింద కొత్త పిల్లలున్నారు. ఆ పిల్లల చేతుల మీద ఆధారపడి మత్తులో పడుకున్న మనుషులున్నారు.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్నొడ్డు పల్లె. మా వైపు ఎవరికి కష్టం వచ్చినా పెద్దవాళ్ళ నోట మొదట వచ్చే పేరు క్యాంబెల్ ఆసుపత్రి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళ కాలంలో పుట్టిన ఆసుపత్రి అది. మా జేజి దాన్ని మిషనాసుపత్రి అనేది. అక్కడ తెల్లబట్టల్లో తిరిగే సిస్టర్లను చూసే నాకు నర్సు కావాలనే కోరిక పుట్టింది. చదివింది వేరేచోట, థియేటర్ పని నేర్చుకున్నది ఇంకోచోట. అక్కడి మా సీనియర్ సిస్టర్ తప్పు పరికరం అందిస్తే చేతిలోని ఆర్టరీ ఫోర్సెప్స్‌తోనే వేళ్ళ మీద కొట్టేది. ఏడ్చినాను, తిట్లు పడినాను, పని నేర్చుకున్నాను. నాకు పని వచ్చింది కాబట్టి ఆ పద్ధతి మంచిదేనని లెక్క కట్టుకున్నాను. నాతోపాటు చేరి, ఆ వేళ్ళ నొప్పితో మధ్యలోనే మానేసి పోయిన పిల్లలను మాత్రం ఆ లెక్కలో వేసుకోలేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. పేరు చెప్పను. వాళ్ళది పులివెందుల అవతల పల్లె. నాయనకు చీనీ తోట. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివి, వార్డులో కొన్నేండ్లు చేసి మా దగ్గరికి వచ్చింది. నరం దొరకని ముసలివాళ్ళకు కూడా ఒక్క పోటులో సెలైన్ పెట్టే చేయి ఆమెది. వార్డులో అయితే డాక్టర్లే ఆమెను పిలిపించుకునేవాళ్ళు. థియేటర్‌కు మార్చిన మొదటి రోజున ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకుంది. నేను అందరి ముందర అన్నాను: "ఏం మే, ఇన్నేండ్లు ఆసుపత్రిలో చేసినావు, ఇది కూడా తెలీదా?"

ఆ మాట ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికా నర్సు 1984లో ఒక పుస్తకం రాసింది. నర్సు నేర్పు ఐదు మెట్లుగా పెరుగుతుందని అందులో చెప్పింది. ఎంత అనుభవమున్న నర్సయినా తనకు పరిచయం లేని విభాగంలో అడుగు పెడితే మళ్ళీ మొదటి మెట్టు మీదే ఉంటుందని కూడా చెప్పింది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. వార్డులో మనిషి ముఖం కనబడుతుంది, మాట వినబడుతుంది, "ఎట్లుంది పెద్దమ్మా" అని అడగొచ్చు. థియేటర్‌లో మనిషి ఆకుపచ్చ గుడ్డ కింద ఉంటుంది. తోటివాళ్ళ ముఖాలకు మాస్కులు. ముట్టుకోవచ్చని అనిపించేవన్నీ ముట్టుకోకూడనివే. నడుము కింద ఉన్న చేయి స్టెరైల్ కాదు, టేబుల్ అంచు దిగి వేలాడే గుడ్డ స్టెరైల్ కాదు, వీపు స్టెరైల్ కాదు. ఒకే పరికరాన్ని ఒక డాక్టరు మాస్కిటో అంటాడు, ఇంకొకరు చిన్న ఆర్టరీ అంటారు, మూడో ఆయన మాట్లాడకుండా చేయి చాపుతాడు. 22 నంబరు బ్లేడు 4 నంబరు హ్యాండిల్‌కే పడుతుంది, 15 నంబరు బ్లేడు 3 నంబరు దానికి పడుతుంది. ఇవి చూస్తే వచ్చేవి కావు, ఎవరో ఒకరు చెప్పాల. నేను చెప్పలేదు. "చూసి పట్టుకోవాల, చెప్పించుకుంటే వచ్చే పని కాదిది" అనేదాన్ని. ఆ మాట అనడం నాకెంత సుఖంగా ఉన్నిందో తలచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. చెప్పడమంటే ఓపిక కావాల. ఆ ఓపిక పెట్టకపోవడానికి నాకు దొరికిన మంచి పేరు ఆ మాట.

ఒకరోజు రాత్రి సిజేరియన్ వచ్చింది. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతాండాదని ఉరుకులు పరుగుల మీద టేబుల్ ఎక్కించినాం. నేను స్క్రబ్ అయినాను, అంటే స్టెరైల్ గౌను తొడుక్కొని సర్జన్‌కు పరికరాలు అందించే పని. ఆ అమ్మాయి సర్క్యులేటింగ్, అంటే స్టెరైల్ గౌను లేకుండా బయట తిరుగుతూ కావలసినవి అందించి లెక్క రాసే పని. మొదట పెట్టుకున్న మాప్‌లు, అంటే నెత్తురు అద్దే గుడ్డలు, పది. "పది, రాయి" అన్నాను, బోర్డు మీద రాసింది. బిడ్డ బాగానే వచ్చింది, ఏడ్చింది. గర్భసంచి మాత్రం గట్టిపడలేదు. నెత్తురు ఆగడం లేదు. మత్తు డాక్టరు మందు ఎక్కిస్తున్నారు, మా సర్జన్ గర్భసంచిని రెండు చేతులా నలుపుతున్నారు, సక్షన్ సీసా నిండుతోంది. "మాప్‌లు, మాప్‌లు" అన్నారాయన. నేను తిరిగి చూడకుండానే "కండ్లు యాడ పెట్టినావు, ఇంకో కట్ట ఇయ్యి" అని అరిచినాను. ఆమె డ్రమ్ము మూత తీసి, చీటిల్ ఫోర్సెప్స్‌తో కట్ట పట్టుకొని నా ట్రాలీ మీద వదిలింది. వదిలేటప్పుడు ఫోర్సెప్స్ కొన నా గౌను చేతికి తగిలిందేమోనని నాకు అనుమానం వచ్చింది. దానికి ఇంకో అరుపు. ఆ అరుపులో బోర్డు మీద రాయడం ఆమె మరిచిపోయింది. రాసిందా లేదా అని నేనూ చూడలేదు.

నెత్తురు ఆగింది. గర్భసంచి కుట్టినారు. పొట్ట మూసే ముందర లెక్క పెట్టాల. ఎట్లా పెట్టాలో ప్రతి థియేటర్ నర్సుకూ తెలుసు. ఇద్దరూ కలిసి, ఇద్దరూ కండ్లారా చూస్తూ, గొంతెత్తి లెక్కపెట్టాల. నెత్తురుతో తడిసిన మాప్‌లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒక్కోదాన్నీ మూల పట్టి విప్పి, టేపు కనబడేలా పరిచి, ఐదేసి చొప్పున వరస పెట్టాల. లోపల ఉన్నవి, ట్రాలీ మీదవి, బకెట్‌లోవి, అన్నీ కలిసి బోర్డు మీది అంకెతో సరిపోవాల. నేనేం చేసినాను? సూదికి దారం ఎక్కిస్తూ, తల తిప్పకుండా, "కౌంట్?" అని అడిగినాను. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత ఆ అమ్మాయి అనింది: "కరెక్టే అక్కా."

"కౌంట్ కరెక్ట్ సార్" అని నేను డాక్టరు గారికి చెప్పినాను. ఆ పిల్ల నోటి మాటను నా మాట చేసుకొని, నా ఇన్నేండ్ల పేరు దానికి తోడు పెట్టి చెప్పినాను.

పొర కుట్టినారు. చర్మం కుట్లు మొదలైనాయి. అప్పుడు మత్తు డాక్టరు గారు తల వంచి చూస్తే, ఆ అమ్మాయి నేల మీద కూర్చొని బకెట్‌లోని మాప్‌లను మళ్ళీ ఒకటొకటిగా విప్పుకుంటోంది. "ఏమ్మా, ఏం వెతుకుతాండావు?" అని అడిగినారాయన. ఆమెకు మాట రాలేదు. కండ్లలో నుంచి నీళ్ళు మాస్కులోకి కారుతున్నాయి. సర్జన్ చేయి ఆగింది. బోర్డు మీద పది. బకెట్‌లో, ట్రాలీ మీద కలిపి పద్నాలుగు. ఇచ్చిన కట్టతో కలిపితే పదిహేను ఉండాల.

థియేటర్‌లో ఒక మాప్ తక్కువైతే ఎట్లుంటుందో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. కాళ్ళ కింద చూసినాం, గుడ్డ మడతల్లో చూసినాం, చెత్తసంచి బోర్లించినాం. పొట్ట మళ్ళీ తెరవాలేమోనని సర్జన్ కుట్టు కత్తిరించడానికి కత్తెర అడిగినారు. అంతలో ఆయమ్మ మాయ వేసిన బేసిన్ తీసుకొచ్చింది. మాయ కింద, నెత్తురు గడ్డల్లో ముద్దయిపోయి అతుక్కొని ఉన్నింది ఆ పదిహేనో మాప్.

తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి పోయినారు. నేను ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "లెక్క రానిదానివి థియేటర్‌కు యాల వచ్చినావు? పైగా అబద్ధమా?" అని అడిగినాను. నెల తిరక్కముందే ఆమె వార్డుకు రాయించుకుంది. తర్వాత ఊరే మారిపోయింది. నేను ఆ సంగతిని ఎవరికి చెప్పినా, నా కట్టుదిట్టం వల్లే మాప్ దొరికిందన్నట్టు చెప్పేదాన్ని. నిజానికి దొరికింది ఆ అమ్మాయి నేల మీద కూర్చోబట్టి. ఇంత చిన్న విషయం కూడా నాకు అప్పట్లో కనబడలేదు.

కొన్నేండ్లకు ఒక శిక్షణ తరగతికి పోయినాను. అక్కడ ఒక అమెరికా అధ్యయనం గురించి చెప్పినారు. అతుల్ గవాండే అనే సర్జన్, ఆయన సహచరులు 2003లో ప్రచురించినది. ఆపరేషన్‌లో శరీరం లోపల గుడ్డో పరికరమో మిగిలిపోయిన 54 మంది కేసులను వాళ్ళు పరిశీలించినారు. అత్యవసర ఆపరేషన్లలో ఈ ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువట. అది నేను ఊహించగలిగిందే. ఊహించలేనిది ఇంకొకటి చెప్పినారు. లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతం వాటికి చివరి లెక్క సరిపోయిందనే రాసి ఉన్నిందట. లోపల వస్తువు ఉండగానే! ఆ 'కరెక్ట్'లలో ఎక్కువభాగం పొరపాట్లే అయ్యుంటాయి, ఎవరూ కావాలని అబద్ధం చెప్పి ఉండరు. కానీ ఆ అంకె వినగానే నా వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినబడినట్టయింది. 'కరెక్టే' అనే మాటను నేను ఎట్లా అడిగినానో, ఇంకే జవాబుకూ చోటు లేకుండా ఎట్లా అడిగినానో అప్పుడు అర్థమైంది.

అదే తరగతిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టు గురించీ చెప్పినారు. 19 అంశాలు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే చావులు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గినాయి. మా దగ్గర ఆ కాగితం అంతకుముందే ఉన్నింది. కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలని అందులో ఒక వరుస ఉంటుంది. ఒకరికొకరం తెలియనివాళ్ళమా అని ఆ వరుసను మేం టిక్కు పెట్టి వదిలేసేవాళ్ళం. అది పరిచయాల కోసమే పెట్టింది కాదని అక్కడ తెలిసింది. ఆపరేషన్‌కు ముందు ఒక్కసారి గొంతు విప్పిన మనిషి, తర్వాత ఏదైనా తేడా కనబడితే మళ్ళీ గొంతు విప్పుతుంది. మొదటినుంచీ మూగగా నిలబెట్టిన మనిషి విప్పదు. ఆ రాత్రి మా థియేటర్‌లో ఆ పిల్ల పేరు ఒక్కరు కూడా పలకలేదు.

నేను పెట్టిన భయం ఇంకేం దాచిందో వెతికితే మరొకటి బయటపడింది. ఇంకొక కొత్త పిల్ల సూది గుచ్చుకుంటే చెప్పకుండా గ్లౌజు మార్చుకొని పని చేసిందట. వేరేవాళ్ళు చెప్తే తెలిసింది. రోగికి ఆ జబ్బు ఉంటే, పోటు నుంచి హెచ్.ఐ.వి. వచ్చే అవకాశం వెయ్యికి మూడు మాత్రమే, కానీ టీకా వేసుకోని మనిషికి హెపటైటిస్ బి వచ్చే అవకాశం దానికి ఎన్నో రెట్లు. హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. "ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "సూది పట్టుకోవడం కూడా రాదా అంటారని" అనింది. ఆ మాట నేను అక్షరాలా అనేదాన్నే. ఆ పిల్లకు ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు.

రబ్బరు గ్లౌజులు ఆపరేషన్ గదిలోకి ఎట్లా వచ్చినాయో చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూయలేకపోయినాను. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హ్యాంప్టన్ అనే థియేటర్ నర్సు ఉండేది. చేతులు కడుక్కునే మెర్క్యురీ మందుకు ఆమె చర్మం పుండ్లు పడిపోయేది. అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1889 చలికాలంలో ఆ పుండ్లు చూసి, గుడ్‌ఇయర్ కంపెనీ చేత పలచని రబ్బరు గ్లౌజులు చేయించినాడు. రోగికి అంటు సోకకుండా అవి కాపాడతాయన్న సంగతి తర్వాత తెలిసింది. మొదట అవి వచ్చింది ఒక నర్సు చేతుల కోసం. ఆమె చేతులకు పుండ్లయితే ఓర్చుకోమని చెప్పి ఉంటే ఏమయ్యేది? నేనైతే అట్లే చెప్పేదాన్ని.

ఆ చదువు తర్వాత ఆ అమ్మాయి నంబరు కనుక్కొని ఫోన్ చేసినాను. ఇప్పుడు ఆమె హైదరాబాదులో డయాలసిస్ విభాగంలో ఉంది. నా పేరు చెప్పగానే అవతల కాసేపు మాట లేదు. నేను చెప్పవలసిన క్షమాపణ చెప్పుకున్నాను. భయంతో అబద్ధం చెప్పించినాను నీ చేత అన్నాను. అప్పుడు ఆమె చెప్పిన మాట నన్ను మళ్ళీ మొదటికి తెచ్చింది.

"అబద్ధం కాదక్కా. కట్టలో ఐదుంటాయని నాకు అప్పుడు తెలీదు. పది అని మీరు చెప్తే రాసుకున్నా. ఆ పది ఎన్ని కట్టలో చూడలేదు. తర్వాత ఇచ్చిన కట్టలో నాలుగే ఉన్నాయేమో అనుకున్నా. అనుమానంగానే ఉండె. అడుగుదామంటే మీరు సూది దారం మీదున్నారు."

కట్టకు ఐదు. థియేటర్‌లో అంతకంటే చిన్న పాఠం లేదు. ఆ పాఠం చెప్పకుండా, చెప్పలేదన్న సంగతి కూడా తెలియకుండా, నేను ఆమెను అబద్ధాలకోరు అని ఇన్నేండ్లు మనసులో పెట్టుకున్నాను.

ఇప్పుడు కొత్త పిల్ల వస్తే మొదటి పని ఖాళీ థియేటర్‌లో చేయిస్తాను. కాలం తీరిపోయిన కుట్టు దారాలు, పక్కన పడేసిన గ్లౌజులు దాచిపెడతాను. సూదిని నీడిల్ హోల్డర్‌లో ఎక్కడ పట్టాలో, గౌను ఎట్లా తొడుక్కోవాలో, మాప్‌లు ఎట్లా విప్పి పరచాలో ఎన్నిసార్లయినా చేయనిస్తాను. రంగునీళ్ళలో తడిపిన మాప్‌లు కలిపి ముద్ద చేసి, అందులో ఎన్ని ఉన్నాయో చెప్పమంటాను. నేనూ పక్కన నిలబడి లెక్కపెడతాను. ఏ డాక్టరుకు ఏ దారం, ఏ పరికరాన్ని ఏ పేరుతో పిలుస్తారో తెలుగులో రాసిన నోటుబుక్కు ఒకటుంది. అందులో మొదటి పేజీలో కట్ట లెక్క ఉంటుంది. తప్పు జరిగితే ఆపరేషన్ మధ్యలో సరిదిద్దే మాట ఒక్కటే చెప్తాను, మిగతాది అయిపోయినాక కూర్చొని టీ తాగుతూ మాట్లాడతాం. లెక్క జరిగేటప్పుడు గదిలో ఇంకెవరూ మాట్లాడకూడదని డాక్టర్లను ఒప్పించినాను. మత్తు డాక్టరు గారు పాట కూడా ఆపేస్తారు.

ఇవన్నీ ఎప్పుడూ జరుగుతాయని చెప్పలేను. రాత్రిపూట నెత్తురు ఆగని కేసు వచ్చినప్పుడు పాత గొంతు నా నోట్లోకి ఇప్పటికీ వస్తుంది. వచ్చినరోజు ఆ పిల్ల దగ్గరికి పోయి, అరిచింది నీ తప్పుకు కాదు, నా కంగారుకు అని చెప్తాను. చెప్పకపోతే మరుసటి లెక్కలో ఆమె నోరు మూసుకుంటుందని నాకు తెలుసు.

మా ఊళ్ళ ఇబ్బంది వేరే ఉంది. ఆపరేషన్ గది పని కోసమే ఏడాది చదివే డిప్లొమాను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది. కానీ నేను చూసిన పిల్లల్లో అది చదివి వచ్చినవాళ్ళు లేరు, అందరూ పనిలో పడే నేర్చుకున్నారు. చదువులో థియేటర్ డ్యూటీ వేస్తారు, అక్కడ గోడ పక్కన నిలబడి చూడటమే ఎక్కువ. చిన్న నర్సింగ్ హోములో ఒకే సిస్టర్ వార్డు, కాన్పుల గది, థియేటర్ అన్నీ చూడాల. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో కొత్తగా చేరిన పిల్లోణ్ణి మొదటి వారమే తక్కెడ ముందర కూర్చోబెట్టరు. మేం మాత్రం కొత్త పిల్లను చేరిన వారానికే రాత్రి సిజేరియన్‌లో లెక్క చూడమంటాం. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది, పులివెందులలో 2024 మార్చిలో పెద్ద సర్కారు ఆసుపత్రి తెరిచినారు. థియేటర్లు పెరిగేకొద్దీ ఈ గోడకు ఆనుకొని నిలబడే పిల్లలూ పెరుగుతారు.

అందుకే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, మా ఈ మూడు ఊళ్ళలో ఆసుపత్రులు నడిపే డాక్టర్లను అడుగుతున్నాను. కొత్త నర్సును మొదటి నెలలు థియేటర్ డ్యూటీ చార్టులో ఒక మనిషి కింద లెక్క వేయొద్దండి. జీతం పూర్తిగా ఇవ్వండి, పక్కన తెలిసిన మనిషిని పెట్టండి, ఆ తెలిసిన మనిషికి నేర్పే సమయం ఇవ్వండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ మీ ఖర్చుతో వేయించండి. రాత్రి కేసుకు ఆ పిల్ల ఒక్కతే ఉండే పరిస్థితి తప్పకపోతే, పొట్ట మూసే ముందు మీరే సూది కింద పెట్టి, తల తిప్పి, ఆమెతో కలిసి మాప్‌లు లెక్కపెట్టండి. పదిహేను మాప్‌లకు రెండు నిమిషాలు పడుతుంది.